శరత్ మనవాడైతే సరిపోతుందా?

బెంగాలీ నవల మీద తగువు పెట్టుకోగల మనుషులు నర్సీపట్నం దగ్గర కోటవురట్లలో నాకు తెలిసి ఇద్దరున్నారు. ఒకరు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మాష్టారు. ఆయన బీరువాలో పై రెండు అరలూ బెంగాలీ నవలాకారుడు శరత్ సంపుటాలే, అట్టలు ఊడి, దారంతో కట్టినవి. రెండోవారు ఆయన దగ్గరే పది చదివి, ఇప్పుడు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరరుగా ఉన్న ఆవిడ. పేర్లతో పనిలేదు. ఆదివారం పూట ఆవిడ పుస్తకం మార్చుకోవడానికి వస్తుంది, మాట మొదలవుతుంది, కాఫీ చల్లారిపోతుంది. ఈమధ్య నేను కూర్చుని విన్న మాటలివి. రాసుకునేటప్పుడు వాళ్ళ వాదన బలం తగ్గకుండా చూసుకున్నాను. నాకు అనిపించింది మధ్యలో ఒకటి రెండు చోట్ల చెప్పాను.

మాష్టారు: పిల్లల్ని శరత్ చదవొద్దన్నావట. నిజమేనా అమ్మా?

లెక్చరరు: చదవొద్దనలేదు మాష్టారూ. దేవదాసుతో మొదలెట్టొద్దన్నాను. పదిహేడేళ్ళ కుర్రాడు మొట్టమొదట చదివే బెంగాలీ పుస్తకం అదైతే, ప్రేమంటే తాగి చచ్చిపోవడం అనుకుంటాడు. శరత్ కూడా కుర్రతనంలో రాసిన ఆ పుస్తకాన్ని 1917 దాకా అచ్చుకివ్వడానికి వెనకాడాడు. రాసినాయనకే ఉన్న సందేహం మనకెందుకు ఉండకూడదు?

మాష్టారు: సందేహం ఉండొచ్చు. కానీ మా తరం అక్కడే మొదలెట్టింది. 1953లో అక్కినేని, సావిత్రీ తెరమీదకొచ్చాక ఈ చుట్టుపక్కల ఊళ్ళలో దేవదాసు కథ తెలియని ఇల్లు లేదు. మా అమ్మ అయిదో తరగతి దాటలేదు. ఆవిడ శరత్ నవలలు దొరికినవన్నీ చదివింది. కలకత్తా ఎటువైపుందో ఆవిడకి తెలీదు. బడదీదీలో మాధవిని పక్కవీధి మనిషిలా తలుచుకునేది. రాసినాయన తెలుగువాడు కాదంటే నమ్మేది కాదు. ఒక్క మా అమ్మేమిటి, కోస్తాలో చాలామంది పాఠకులు అలాగే అనుకున్నారు. ఇంతకంటే పెద్ద గౌరవం ఏ రచయితకి దక్కుతుంది చెప్పు?

లెక్చరరు: రచయితకి గౌరవమే. పాఠకులకి మాత్రం నష్టం జరిగిందంటాను. మనవాడనుకున్నాం కాబట్టి ప్రశ్న వెయ్యలేదు. పరాయివాడనుకుంటే, ఈయన ఇలా ఎందుకు రాశాడని ఒక్కసారైనా అడిగేవాళ్ళం.

మాష్టారు: మనవాడని ఊరికే అనుకోలేదమ్మా. దానికి గట్టి కారణం ఉంది. కారన్‌వాలిస్ 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పెట్టాడు. అదే పద్ధతి 1802లో మన ఉత్తర సర్కార్లకి వచ్చింది. విశాఖ జిల్లా జమీందార్ల జిల్లా అయింది. 1948లో చట్టం వచ్చేదాకా ఆ దొరతనం నడిచింది. శరత్ నవలలో జమీందారు గుమస్తా వచ్చి గడప దగ్గర నిలబడితే, మనవాళ్ళకి వాడి ముఖం తెలుసు, గొంతు తెలుసు. ఉమ్మడి కుటుంబాలు, బాల్య వివాహాలు, పదేళ్ళకే విధవలైన పిల్లలు, అన్నీ ఇక్కడున్నవే. ఆయన బెంగాల్ పల్లె గురించి రాశాడు, మనం మన పల్లెని చదువుకున్నాం.

లెక్చరరు: విధవల మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతాను. పల్లీయులు నవలలో రమ సంగతేమిటి? చిన్నప్పుడే భర్త పోయిన పిల్ల. రమేశ్ అంటే ప్రాణం. అతను చదువుకున్నవాడు, ఊరు బాగుచెయ్యాలని వచ్చినవాడు. ఇద్దరి మధ్యా ఊరు తప్ప అడ్డేమీ లేదు. చివరికి రమ కాశీ వెళ్ళిపోతుంది. ఆ పుస్తకం 1916లో వచ్చింది. విధవా వివాహ చట్టం 1856 నాటిది. విద్యాసాగరుడు పుట్టిన గడ్డ మీద, అరవై ఏళ్ళ తరవాత కూడా శరత్ ఒక్క విధవకి మళ్ళీ పెళ్ళి చెయ్యడానికి ఎందుకు జంకాడు? మన రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881 డిసెంబరులో చేసి చూపించారు కదా! చేసి చూపించిన మనమే రమ కాశీ ప్రయాణానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఎంత త్యాగం అన్నాం. నాకు ఆ మాట దగ్గర కోపం వస్తుంది.

మాష్టారు: కోపం రానీ. అది శరత్ మీద కాదు, ఆ ఊరి మీద రావాలని రాశాడాయన. పెళ్ళి చేసేస్తే నువ్వు పుస్తకం మూసి హాయిగా నిద్రపోతావు. చెయ్యలేదు కాబట్టే నూరేళ్ళు దాటినా నాతో దెబ్బలాడుతున్నావు. అయినా నీ గురజాడ మాత్రం ఏం చేశాడు? కన్యాశుల్కంలో విధవ బుచ్చమ్మని పూనా శరణాలయానికి పంపించలేదా? రమకి కాశీ, బుచ్చమ్మకి పూనా. తేడా ఎక్కడుంది?

(ఈ ప్రశ్నకి ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. నిజానికి ఇది తేలిగ్గా జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదు. కన్యాశుల్కం చదివినవాళ్ళలో చాలామంది బుచ్చమ్మ చివరికి ఏమైందో మరిచిపోతారు. గిరీశం ఓడిపోయిన సంతోషంలో ఆ పిల్ల ఎక్కడికెళ్ళిందో పట్టించుకోం.)

లెక్చరరు: తేడా ఉంది మాష్టారూ. కాశీకి వెళ్ళేది చావు కోసం ఎదురు చూడడానికి. పూనాకి వెళ్ళింది చదువుకోడానికి. గురజాడ ఆ పిల్లకి మొగుణ్ణి ఇవ్వలేదు, నిజమే. బతుకు మీద చిన్న పట్టు దొరికే దారి చూపించాడు. ఇంకొకటి. మన పక్క మండలం ఎస్. రాయవరంలో, 1862లో పుట్టిన మనిషి, 1897లోనే మధురవాణిని అచ్చులోకి తెచ్చాడు. దేవదాసులో చంద్రముఖి వచ్చింది ఇరవై ఏళ్ళ తరవాత. చంద్రముఖి, తనని అసహ్యించుకున్న మగవాడి కోసం వృత్తి మానేసి, వాడి సేవలో తరించిపోతుంది. మధురవాణి అందరు మగవాళ్ళనీ తూకం వేసి, చిక్కుపడ్డ కేసు తన తెలివితో విడదీస్తుంది. కోటవురట్ల నుంచి చూస్తే మధురవాణి ఇల్లు దగ్గర. మనం ఇంటిపేరులా వాడుకున్నది మాత్రం చంద్రముఖిని, దేవదాసునీ. గడ్డం పెంచిన ప్రతి కుర్రాణ్ణీ దేవదాసంటాం.

మాష్టారు: దేవదాసు సంగతి సరే, అందులో పార్వతిని చూడవేం? అర్ధరాత్రి ఒక్కత్తీ నడిచి అతని గదికి వెళ్ళి, నన్ను చేసుకుంటావా అని అడిగిన పిల్ల. ఆ కాలంలో ఆ ధైర్యం ఎవరికుంది? వెనక్కి తగ్గింది వాడు.

లెక్చరరు: ఆ ధైర్యానికి బహుమానం ఏం దొరికింది? చెరువు గట్టున చేపల గాలం కర్రతో వాడు నుదుటి మీద కొడతాడు. రక్తం కారుతుంది. చంద్రుడికీ మచ్చ ఉంది, నీకూ ఉండనీ అన్న ధోరణిలో మాట్లాడతాడు. ఆ దెబ్బని ఆ పిల్ల ప్రేమ గుర్తుగా జీవితమంతా మోసుకుంటుంది. మా క్లాసులో ఆడపిల్లలు ఆ పేజీ చదివి, ఎంత ప్రేమో అంటారు. నాకు భయమేస్తుంది. ఇంట్లో దెబ్బలు తిన్న తల్లుల్ని చూసి వచ్చే పిల్లలు వాళ్ళు.

మాష్టారు: అయితే శ్రీకాంత్ రెండో భాగం తియ్యి. పై అరలో, ఎడమ పక్క. అందులో అభయ ఉంది. పెళ్ళిచేసుకుని బర్మా వెళ్ళి, ఏళ్ళ తరబడి అయిపు లేకుండా పోయిన మొగుణ్ణి వెతుక్కుంటూ ఓడెక్కి రంగూన్ వెళ్తుంది. తోడుగా రోహిణి అనే అతను వస్తాడు. మొగుడు దొరుకుతాడు. వాడక్కడ బర్మా ఆడమనిషితో సంసారం చేస్తున్నాడు. అయినా పెళ్ళాన్నని చెప్పి అభయ వాడి దగ్గరికే వెళ్తుంది. బెత్తంతో వాతలు తేలేలా కొట్టి తరిమేస్తాడు. అప్పుడేం చేసింది? ఏడుస్తూ కాశీకి పోలేదు. తిన్నగా రోహిణి ఇంటికొచ్చి, అతనితో బతకడం మొదలెట్టింది. శ్రీకాంత్ వచ్చి నీతి చెప్పబోతే, పెళ్ళి మంత్రాలు మొగుణ్ణి కట్టకుండా నన్ను మాత్రమే ఎందుకు కట్టాలని నిలదీసింది. శ్రీకాంత్ నోట మాట లేదు. ఇది 1918 నాటి పుస్తకం. మన చలంగారి మైదానం రావడానికి ఇంకా తొమ్మిదేళ్ళుంది.

లెక్చరరు: అభయ నాకూ ఇష్టమే.

మాష్టారు: ఇష్టమైతే గమనించు. దేవదాసులో ఒక దెబ్బ, శ్రీకాంత్‌లో ఒక దెబ్బ. రెండిటికీ రచయిత ఒకడే. పార్వతి నుదుటి మీద దెబ్బ రాసినప్పుడు ఆయనకి ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళు. అభయ ఒంటిమీద వాతలు రాసేటప్పటికి నలభై దాటాయి. మధ్యలో 1903 నుంచి 1916 దాకా రంగూన్‌లో గుమస్తాగా, మిస్త్రీల పేటలో కాపురం ఉండి, కూలీల ఇళ్ళ మధ్య బతికి వచ్చాడు. మొదటి మచ్చని అందంగా చూపించినవాడే, రెండోదాన్ని సాక్ష్యంగా నిలబెట్టాడు. తన పుస్తకానికి తనే జవాబు రాసుకున్నాడమ్మా. నువ్వు ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతున్నావు, జవాబు దాకా చదవడం లేదు.

(ఈ రెండు దెబ్బల్నీ పక్కపక్కన పెట్టి చూడడం నేను ఎక్కడా చదవలేదు. శరత్ మీద వచ్చిన పొగడ్తలూ తిట్లూ చాలా చదివాను. ఇంత సూటిగా ఆయన్ని ఆయన పుస్తకాలతోనే నిలదీసి, ఆయన పుస్తకాలతోనే విడిపించిన మాట కోటవురట్ల అరుగు మీద వినడం నాకు గొప్పగా అనిపించింది.)

లెక్చరరు: ఒప్పుకుంటాను. కానీ మనం ఏది ఏరుకున్నామో చూడండి. నిష్కృతి 1957లో తోడికోడళ్ళు అయింది. దత్త 1961లో వాగ్దానం అయింది. బడదీదీ అదే ఏడు బాటసారి అయింది. మంచి సినిమాలే, కాదనను. అన్నీ కన్నీటి కథలో, ఇల్లు కలిపే కథలో. అభయని మనం ఇంట్లోకి రానివ్వలేదు. శేషప్రశ్నలో కమలనీ రానివ్వలేదు. శరత్‌లో మనల్ని ఇబ్బంది పెట్టేవాళ్ళని గుమ్మం బయటే ఉంచి, ఓదార్చేవాళ్ళని లోపలికి పిలిచి, మావాడే అన్నాం. రంగూన్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఆ రేవులో బస్తాలు మోసింది ఎవరు? మన విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు. కోరంగి రేవు పేరుతో వాళ్ళని కోరంగీలనేవారు. 1930 మేలో రంగూన్ రేవులో గొడవలైతే నరికించుకున్నది మన తెలుగువాళ్ళే. శరత్ రంగూన్ గురించి మనం మురిసిపోతూ చదివాం. రంగూన్ వెళ్ళి తిరిగిరాని మన తాతల గురించి ఏ కలకత్తా పాఠకుడు చదివాడు?

మాష్టారు: వాడు చదవాలంటే ముందు మనం రాయాలి కదా.

లెక్చరరు: నేనూ అదే అంటున్నాను. చదవడం ఒక్కటే చేశాం. బదులు రాయలేదు. ఈ వారం వనవాసి మళ్ళీ చదివాను. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ ఆరణ్యక్‌కి సూరంపూడి సీతారాంగారి తెలుగు. ఎంత బాగుందో! భాగల్పూరు అడవుల్లో ఎస్టేటు మేనేజరుగా వచ్చిన సత్యచరణ్ మొదట్లో కలకత్తా మీద బెంగతో చచ్చిపోతాడు, తరవాత ఆ అడవిని విడిచి ఉండలేని స్థితికి వస్తాడు. జుగల్‌ప్రసాద్ అని ఒక మనిషి ఎక్కడెక్కడి నుంచో పూలతీగలు తెచ్చి, ఎవరూ అడక్కుండా, ఎవరూ చూడని అడవి మడుగు ఒడ్డున నాటుతుంటాడు. దోబ్రు పన్నా అనే ముసలి రాజు పశువులు మేపుకుంటూ కనిపిస్తాడు. ఒకప్పుడు ఆ కొండలన్నీ వాళ్ళవే. ఆ ఇంటి పిల్ల భానుమతికి భారతదేశం ఎక్కడుందో తెలియదు. అది చదివి గంటసేపు అలా కూర్చుండిపోయాను.

మాష్టారు: మరి అందులో తప్పేం కనిపించింది?

లెక్చరరు: తప్పు కాదు. అడవంటే ప్రాణం అంటున్న ఆ మేనేజరే, దాన్ని ముక్కలు చేసి కౌలుకిచ్చి నరికిస్తాడు. అది అతని ఉద్యోగం. చివర్లో అడవి దేవతల్ని క్షమాపణ అడుగుతాడు. బిభూతిభూషణ్ దాచకుండా రాశాడు, అది ఆయన నిజాయితీ. కానీ కథ చెప్పేది మేనేజరే. భానుమతి చెబితే ఎలా ఉండేది? మనకి నర్సీపట్నం దాటితే మన్యం. 1882 అడవి చట్టంతో పోడు మీద పడ్డ దెబ్బ అక్కడి వాళ్ళకి తెలుసు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడి తుపాకులు ఎత్తుకెళ్ళింది ఆ కోపమే. వనవాసి చదివిన కోటవురట్ల పాఠకుడికి కళ్ళెత్తితే కనిపించే కొండల్లో ఆ కథ ఉంది. మరి మనం భాగల్పూరు అడవి కోసం నిట్టూర్చినంతగా చింతపల్లి అడవి కోసం నిట్టూర్చామా?

మాష్టారు: ఆ అడవిని చూసే చూపు వనవాసే ఇచ్చిందేమో ఆలోచించు. నేను ఆ పుస్తకం చదివాకే లంబసింగి ఘాటీలో బస్సు దిగి నడిచాను. అంతకు ముందు అది నాకు మలుపుల రోడ్డు మాత్రమే.

(మాష్టారి ఈ మాటని నేను పక్కన పెట్టలేను. పరాయి నేల మీద రాసిన పుస్తకం చదివి, మన నేలని మొదటిసారి చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అయితే మహాశ్వేతాదేవి దగ్గరికి వచ్చేసరికి లెక్చరరు చెప్పిన లోటు కొంత తీరింది. బిర్సా ముండా తిరుగుబాటు మీద ఆవిడ రాసిన ఆరణ్యేర్ అధికార్‌ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఎవరిదీ అడవి అన్న పేరుతో తెలుగులోకి తెచ్చింది. అక్కడ కథ మేనేజరుది కాదు.)

మాష్టారు: ఒక సంగతి నువ్వు మరిచిపోతున్నావు. ఇవన్నీ మనకి చేర్చినవాళ్ళు మామూలు మనుషులు. చక్రపాణిగారు క్షయతో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకున్నారు. ఆ రోజుల్లో క్షయంటే చావుకబురే. మంచం మీద పడుకుని, బతుకుతామో లేదో తెలియని మనిషి ఇంకో భాష అక్షరాలు దిద్దుకున్నాడు. లేచి వచ్చి శరత్‌ని తెలుగు చేశాడు. విజయవాడలో దేశి కవితా మండలి పెట్టి బొందలపాటి శివరామకృష్ణగారు, శకుంతలాదేవిగారు సంపుటాలకి సంపుటాలు తెచ్చారు. పథేర్ పాంచాలీని మద్దిపట్ల సూరిగారు ఇచ్చారు. బదులు రాయలేదంటున్నావే, వాళ్ళు చేసింది బదులు కాదా?

లెక్చరరు: నూటికి నూరుపాళ్ళు బదులే. మరి వాళ్ళ పేర్లు ఎవరికి గుర్తున్నాయి? శరత్ తెలుగువాడని మీ అమ్మగారు అనుకున్నారంటే, ఆ తెలుగు రాసినవాడు లేకుండా పోయాడన్నమాట. ఇప్పుడొస్తున్న కొన్ని ముద్రణల్లో అట్ట మీద శరత్ పేరు ఇంత లావున ఉంటుంది. తెనిగించిన వాళ్ళ పేరు లోపలి పేజీలో కూడా వెతుక్కోవాలి. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ముందు ఆ పేరే బోర్డు మీద రాస్తున్నాను.

మాష్టారు: అది మంచి పని. మరి దేవదాసు కాకపోతే ఏం చదివిస్తున్నావు?

లెక్చరరు: మహేశ్. పది పన్నెండు పేజీల కథ. కరువులో గఫూర్ అనే పేద ముస్లిం రైతు, మహేశ్ అన్న ముసలి ఎద్దు, ఆమినా అనే కూతురు. ఎద్దుకి గడ్డి లేక ఇంటికప్పు పీకి పెడతాడు గఫూర్. గోవు మీద భక్తి ఉపన్యాసం చెప్పిన బ్రాహ్మడు గుప్పెడు గడ్డి ఇవ్వడు. చివరికి దాహంతో పిచ్చెక్కిన ఎద్దు ఆమినా తెచ్చిన నీళ్ళకుండని పగలగొడితే, గఫూర్ కోపంతో నాగలి ఎత్తి కొట్టి చంపేస్తాడు. రాత్రికి రాత్రి తండ్రీ కూతురూ జనపనార మిల్లుకి కూలికి పోతారు. ఇంట్లో ఉన్న ఇత్తడి సామాను మహేశ్ ప్రాయశ్చిత్తానికి పనికొస్తుందని వదిలేసి వెళ్తారు. చదివి ఒక పేజీ రాయమన్నాను. శరత్‌కి ఉత్తరం రాసినా సరే, ఇంకెలా రాసినా సరే. అందరూ ఎద్దు గురించి రాశారు. మాడుగుల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం నీళ్ళ గురించి రాసింది. ఆమినా బావిని తాకకూడదు, ఎవరైనా పోసేదాకా కుండ పట్టుకుని ఎండలో నిలబడాలి. ఆ నిలబడిన సేపు ఎంత? మా నాయనమ్మ కూడా అలాగే నిలబడేదని ఆ అమ్మాయి రాసింది. శరత్ ఒక్క వాక్యంలో దాటేసిన చోట ఆ పిల్ల పేజీ నింపింది.

(ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తరవాత మాష్టారే అందుకున్నారు.)

మాష్టారు: ఆ పేజీ నాకు చూపించు. కానీ ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. పిల్లలు పుస్తకం పట్టుకోగానే జవాబు రాయమని పెన్ను చేతికివ్వకు. ముందు ఏడవనీ. ముందు మునగనీ. ప్రశ్న దానంతటదే వస్తుంది. మొదటి పేజీ నుంచే తప్పులు వెతికేవాడు పాఠకుడు కాలేడు.

లెక్చరరు: మునిగితే తేలనివాళ్ళు ఎంతమంది మాష్టారూ! మన ఊళ్ళలో శరత్‌లో మునిగి, అక్కడే ఉండిపోయిన వాళ్ళే ఎక్కువ.

మాష్టారు: నేను ఉండిపోయానా?

లెక్చరరు: మీరు తేలారు. అందుకే మీతో దెబ్బలాడుతున్నాను. గురజాడ మొదట ఇంగ్లీషులో సారంగధర పద్యం రాస్తే, కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దాన్ని చదివి, మెచ్చుకుని వేసుకున్నాడు. మెచ్చుకుని ఊరుకోలేదు. పరాయి భాషలో ఎంత రాసినా ఇంతే, నీ భాషలో రాసుకో అన్న సలహా ఇచ్చాడు. ఒక బెంగాలీ పాఠకుడు మన రాయవరం బిడ్డ పద్యం చదివి ఇచ్చిన జవాబది. ఆ జవాబు మనకి ఎంత మేలు చేసిందో మీకు తెలుసు. బెంగాలీ నవలకి మనమూ అలాంటి జవాబు బాకీ ఉన్నామంటాను.

మాష్టారు: బాకీ అన్నమాట బాగుంది. అయినా మునగడం మాటే నాది.

ఇద్దరిలో ఎవరి పక్కనని నన్ను అడిగితే, ఎక్కువ పాళ్ళు ఆవిడ పక్కనే. రమ కాశీకి వెళ్తుంటే త్యాగమని చప్పట్లు కొట్టిన తరాల వల్ల మన ఇళ్ళలో ఆడవాళ్ళకి మేలేమీ జరగలేదు. కానీ ముందు మునగాలన్న మాష్టారి మాట దగ్గర మాత్రం నేను ఆయన్ని వదలను.

ఇది చదివేవాళ్ళకి నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో పదిహేడేళ్ళ పిల్లలుంటే శ్రీకాంత్ రెండో భాగమో, మహేశ్ కథో చేతికివ్వండి. చదివాక ఏమనిపించిందో రాయించండి, తెలుగులో, ఒక్క పేజీ అయినా. కొన్న పుస్తకం అట్ట మీద తెనిగించినవారి పేరు లేకపోతే ప్రచురణకర్తకి ఒక కార్డు ముక్క రాయండి.